కీచు అప్పగింత

మాలకొండయ్య బండి వెనక బ్రేకు తొక్కితే తిప్ప మీద నక్కలు కూడా కూత ఆపి ఒక్క క్షణం ఆలోచనలో పడేవి. అది మామూలు కీచు కాదు. ఇత్తడి పళ్ళెం మీద మేకుతో గీసినట్టు సన్నగా మొదలై, మధ్యలో గొంతు పెంచి, బండి ఆగబోయే ముందు ఒక మెలిక తిరిగేది. ఆ మెలిక దగ్గర మా ఊళ్ళో పళ్ళూడిపోయిన ముసలాళ్ళకు కూడా పళ్ళు జివ్వుమనేవి.

మాలకొండయ్య పాల సమాఖ్యలో సూపర్వైజరు. కాపురం మా రాళ్ళవాగుపాలెంలోనే. చీకటితోనే లేచి తిప్ప ఎక్కి, పైనున్న పల్లెల్లో పాలు చూసుకొని, తెల్లవారేసరికి దిగి వచ్చి మా పాలకేంద్రం ముందు బండి ఆపేవాడు. ఆ కేంద్రానికి నేను సెక్రటరీని. బి.ఎస్సీ. చదివినవాడు ఊళ్ళో ఖాళీగా కనిపించడం బాగుండదని పెద్దలు నాకు పాలలో వెన్న చూసే పని అప్పగించారు.

తిప్ప దిగుడు సంగతి ముందే చెప్పాలి. దారి నిలువునా కిందికి దిగుతుంది. దిగుడు ముగిసేచోట పాలకేంద్రం. కేంద్రం దాటగానే వాగు మీద చప్టా. చప్టాకు ఒకప్పుడు పిట్టగోడ ఉండేది, వరదకు పోయింది. కొత్త గోడ కట్టే విషయం పరిశీలనలో ఉంది. కింద నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అందుచేత తిప్ప దిగేవాడికి బ్రేకు ఉండటం మంచిదని మా ఊళ్ళో కులాలకూ పార్టీలకూ అతీతంగా అందరూ ఒప్పుకుంటారు.

ఒకరోజు దిగుడులో మాలకొండయ్య బ్రేకు తొక్కితే కీచు వచ్చింది గాని బండి ఆగలేదు. రెండోసారి తొక్కితే ఆగింది, ముందు చక్రం చప్టా మీద పెట్టి. ఆ సంగతి విని ఆయన భార్య ఆదిలక్ష్మి సంకటి గిన్నె ఠపీమని దించింది.

"బండన్నా బాగుచేయించుకో, నన్నన్నా పుట్టింటికి పంపించు. వాగులో రాళ్ళ మీద నిన్ను ఏరుకోవడం నా వల్ల గాదు."

మాలకొండయ్య బండిని మస్తాన్ షెడ్డుకు తోసుకుపోయాడు.

"ఏంది మావా, ఇన్నాళ్ళకు తెచ్చావు?" అన్నాడు మస్తాన్. "ఊళ్ళో చందాలేసి పంపిచ్చారా యేంది?"

చక్రం విప్పితే డ్రమ్ములో దుమ్ము అట్టలు కట్టి ఉంది. బ్రేకు షూల మీది లైనర్లు అద్దంలా నునుపెక్కి ఉన్నాయి. మస్తాన్ దుమ్ము దులిపాడు, గరుకు కాగితంతో లైనర్లు రుద్దాడు, షూలను తెరిచే ఇనప పుల్లకు చిటికెడు గ్రీజు రాశాడు. బీడీ ఒకటి అయ్యేలోపు పని అయిపోయింది. తొక్కితే బండి ఆగింది. చప్పుడు లేదు.

మర్నాడు తెల్లారి మాలకొండయ్య దొంగలా వచ్చి కేంద్రం ముందు నిలబడ్డాడు. ఆయన వచ్చినట్టు నాకే తెలియలేదు. నాకు తెలియకపోతే ఇబ్బంది లేదు. బర్రెలకు తెలియలేదు.

బర్రె పొదుగులో పాలున్నంత మాత్రాన చెంబులో పడవు. అది మనసు పెట్టి కిందికి వదలాలి. దాన్నే చేపడం అంటాం. దూడను చూసి చేపే బర్రె ఉంది, తవుడు చూసి చేపే బర్రె ఉంది, ఫలానా కోడలు కూర్చుంటేనే చేపే బర్రె ఉంది. మా ఊరి బర్రెలకు ఆ ఏడాదంతా ఒకే గుర్తు. తిప్ప మీద కీచు వినపడగానే ఆడవాళ్ళు 'సూపర్వైజరొచ్చాడే' అంటూ దూడల పలుపులు విప్పేవాళ్ళు, తవుడు తొట్లు ముందుకు జరిపేవాళ్ళు. కీచు వస్తే తవుడు వస్తుందని బర్రెలు నేర్చుకున్నాయి. ఆ రోజు కీచు రాలేదు. దూడలను వదిలారు, తవుడు పెట్టారు, మెడలు నిమిరారు. బర్రెలు తిప్ప వైపు చూస్తూ నిలబడ్డాయి గాని ఒక్కటీ చేపలేదు. క్యాన్లు ఖాళీగా వ్యానెక్కాయి.

"కంగారేం లేదులే," అంది పోలేరమ్మవ్వ. మా ఊళ్ళో అందరికంటే పాతకాలపు పాడి ఆమెది. "నాలుగు పూటలు పోనియ్యండి. తవుడు తొట్టి మీద రెండు దెబ్బలేసి చూపిస్తే దానికే తెలుసుద్ది. గొడ్డు మనకన్నా తొరగా మర్చిపోద్ది."

నాలుగు పూటలు పోనిచ్చేవాళ్ళమే. కాని ఆ మధ్యాహ్నం సమాఖ్య నుంచి డిప్యూటీ మేనేజరు విశ్వేశ్వర ప్రసాదు గారు ఫోను చేశారు.

"సెక్రటరీ గారూ, మీ కేంద్రం సేకరణలో ఆకస్మిక తరుగుదల గమనించడమైనది. కారణం?"

చదువుకున్నవాణ్ణి, అడిగితే కారణం చెప్పకుండా ఉండలేను. "మాలకొండయ్య బండి బ్రేకు బాగుచేయించాడండి" అన్నాను.

అటువైపు కాగితం మీద కలం గీసుకున్న చప్పుడు వినపడింది.

*

ప్రసాదు గారు మర్నాడే జీపులో దిగారు. మనిషి సన్నగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉంటారు. ఎప్పుడో శిక్షణకు వెళ్ళినచోట ఆవులకు సంగీతం వినిపిస్తే పాలు పెరుగుతాయని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి పైవాళ్ళకు చూపించడానికి అలాంటిదొకటి దొరకదా అని కనిపెట్టుకొని ఉన్నారు.

"ప్రయోగాత్మకంగా నిర్ధారించుకుందాం" అన్నారు. మస్తాన్‌ను పిలిపించారు. "ఈ బ్రేకును యథాపూర్వ స్థితికి తీసుకురాగలవా?"

"చెడగొట్టమంటారా సార్?"

"యథాపూర్వ స్థితి అన్నాను."

మస్తాన్ రోడ్డు మీద పిడికెడు దుమ్ము తీసి డ్రమ్ములో పోశాడు. లైనర్లను బండరాయి మీద నున్నగా నూరాడు. మాలకొండయ్య తిప్ప ఎక్కి దిగాడు. పాత కీచు, పాత మెలికతో సహా, వాగు అవతలి దాకా వినిపించింది. బర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. చేపాయి. రెండు పూటలుగా పట్టి ఉంచిన పాలు గదా, చెంబులు చాల్లేదు.

ప్రసాదు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళల్లో తడి ఉంది.

"ధ్వని ప్రేరిత క్షీర స్రావం!" అన్నారు.

"నాలుగు పూటలాగితే వాటికి మామూలైపోద్ది సారూ" అని పోలేరమ్మవ్వ మళ్ళీ చెప్పబోయింది.

"అమ్మా, ఆగడం అనే కార్యక్రమానికి ఈ ఆర్థిక సంవత్సరంలో కేటాయింపు లేదు" అన్నారు ప్రసాదు గారు, గౌరవంగానే.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. మాలకొండయ్య బండి వెనక బ్రేకు ఇకపై సమాఖ్య వారి ఉత్పాదక ఆస్తి. దానిని బాగుచేయుట, బాగుచేయుటకు ప్రయత్నించుట, బాగుపడుచుండగా చూస్తూ ఊరకుండుట శిక్షార్హము. ముందు బ్రేకు వాడితే వెనక బ్రేకు మీద భారం తగ్గి కీచు పలచబడుతుంది గనక, ముందు బ్రేకు తీగ విప్పించి లక్కతో సీలు వేశారు. ఆ సీలు మీద సమాఖ్య గుర్తు ఉంది: పూర్ణకుంభం లాంటి పాలచెంబు.

"అంటే ఇప్పుడు నా బండికి బ్రేకు ఉన్నట్టా లేనట్టా?" అని మాలకొండయ్య నన్నడిగాడు.

"ఉంది. నీది కాదు" అన్నాను.

*

తర్వాత ఈ మేలు మా ఊరికి మాత్రమే ఎందుకని, కీచును జిల్లా మొత్తానికీ విస్తరించారు. 'ధ్వని ఆధారిత క్షీర వికాస పథకం' అని పేరు పెట్టారు. సూపర్వైజర్లందరూ పక్షం తిరిగేలోగా తమ వెనక బ్రేకులు కీచుమనేట్టు చేసుకొని ధ్రువపత్రం సమర్పించాలి. వాళ్ళంతా బండ్లు వేసుకొని మస్తాన్ షెడ్డు ముందు వరస కట్టారు. మస్తాన్ షెడ్డు మీద పాత బోర్డు తీసి కొత్తది కట్టాడు: 'ఇచ్చట బ్రేకులు శాస్త్రీయముగా చెడగొట్టబడును.' సమాఖ్య వాళ్ళు అతనికి నాద నిపుణుడని బిరుదిచ్చి శాలువా కప్పారు. ఆ శాలువాతోనే గ్రీజు తుడుచుకునేవాడు.

"తప్పు గాదంట్రా మస్తానూ?" అంది ఆదిలక్ష్మి ఒకసారి.

"అక్కా, ఇన్నేళ్ళు బాగుచేసినా. బాగైన బండోడు మళ్ళీ మొహం చూపించడు. చెడగొట్టించుకున్నోడు చూడు, ఇంకొంచెం చెడగొట్టమని వారం వారం వస్తన్నాడు."

డిస్కు బ్రేకుల కొత్త బండి కొనుక్కున్న సూపర్వైజరు ఒకాయన ఉన్నాడు. ఎంత దుమ్ము పోసినా ఆ బండి కూయలేదు. 'విధులకు నిశ్శబ్దముగా హాజరైనందుకు' ఆయన సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

కానీ ఒక చిక్కు వచ్చింది. మిగతా ఊళ్ళలో బర్రెలకు కీచంటే ఏమిటో తెలియదు. బండి కీచుమనగానే చేపడం అటుంచి పలుపులు తెంపుకొని పారిపోయాయి. ఒక ఊళ్ళో బర్రె సరాసరి పెళ్ళిపందిట్లోకి పోతే పురోహితుడు మండపం గుంజ ఎక్కాడట. జిల్లా మొత్తం మీద పాలు తగ్గాయి.

ప్రసాదు గారు చలించలేదు. "పశువుల్లో అవగాహన లోపించింది" అన్నారు. ఊరూరా బర్రెలకు అవగాహన సదస్సులు పెట్టారు. బర్రెలను షామియానా కింద కట్టి, కీచు వల్ల ఒనగూరే ప్రయోజనాలను మైకులో వివరించారు. అవి నెమరేస్తూ విన్నాయి. తర్వాత కీచు వినిపిస్తే షామియానాతో సహా పోయాయి.

అప్పుడు సమాఖ్యలో పెద్ద సమీక్ష జరిగి అసలు లోపం బయటపడింది. మిగతా బండ్ల కీచులో నాణ్యత లేదు. మెలిక లేదు. ప్రామాణిక కీచు జిల్లాలో ఒక్కటే ఉంది, అది మాలకొండయ్యది. కాబట్టి మాలకొండయ్య కీచును ఊరూరికీ డిప్యుటేషన్ మీద పంపాలని తీర్మానించారు.

అప్పటి నుంచి ఆయన పొద్దున మా కేంద్రం, మధ్యాహ్నం పొరుగూరు, సాయంత్రం ఆ పైవూరు తిరుగుతూ, ప్రతి ఊరి నడిబొడ్డునా బ్రేకు తొక్కి, పారిపోయే బర్రెలను చూసి, తర్వాతి ఊరికి పోయేవాడు. తొక్కి తొక్కి లైనర్లు అరిగాయి. లైనర్లు పోయి లోపలి ఇనుము డ్రమ్ము ఇనుమును కొరకడం మొదలెట్టింది. కీచు మరింత బ్రహ్మాండమైంది. బండి మాత్రం ఎక్కడ తొక్కినా ఎక్కడో ఆగేది. తిప్ప దిగేటప్పుడు కాళ్ళు రెండూ నేలకు ఈడ్చుకుంటూ, 'మాలకొండ నరసింహా' అనుకుంటూ దిగేవాడు. కొత్త చెప్పులు వారానికి ఒక జత పోయేవి.

*

ఒకరోజు చప్టా అంచు దాకా వచ్చి, పడబోయి, చిల్లచెట్టు కొమ్మ పట్టుకొని ఆగాడు. ఒళ్ళంతా ముళ్ళతో నా దగ్గరికొచ్చాడు.

"పదబ్బయ్యా, పెద్దాఫీసుకు పోదాం. నువ్వు చదువుకున్నోడివి, పక్కన నిలబడు చాలు."

ఇద్దరం వెళ్ళాం. ప్రసాదు గారు కూర్చోమన్నారు.

"సార్, బండి ఆగట్లేదు" అన్నాడు మాలకొండయ్య.

"కీచు వస్తోందా?"

"వస్తోంది సార్. వాగు దాకా వస్తోంది."

"మరి సమస్య ఏమిటి?"

"వాగు దాకా నేను గూడా వస్తన్నా సార్. అదీ సమస్య."

ప్రసాదు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూర్ఖుణ్ణి చూసినట్టు కాదు, వెనకబడిన విద్యార్థిని చూసినట్టు చూశారు.

"మాలకొండయ్యా, మీరు బ్రేకును ఇంకా సంకుచిత దృక్పథంతో చూస్తున్నారు. సంస్థాగతంగా చూస్తే, మీ బ్రేకు ప్రధాన ఉత్పత్తి పాలు. బండి ఆగడమనేది ఉప ఉత్పత్తి. ఉప ఉత్పత్తి కొంత తగ్గిందని ప్రధాన ఉత్పత్తిని నిలిపివేయడం ఏ నిర్వహణ సూత్రాలకూ సమ్మతం కాదు."

"నేను చచ్చిపోతే సార్?"

"ఆ అంశం పరిశీలించాం. మీరు పోయినా కీచుకు నష్టం లేదు. బండి సమాఖ్య ఆధీనంలోనే ఉంటుంది."

మాలకొండయ్య నావైపు చూశాడు. నేను గోడ మీది పాలచెంబు బొమ్మ చూశాను.

"అలాగని మేము మానవతా దృక్పథం లేనివాళ్ళం కాదు" అన్నారు ప్రసాదు గారు. మేము బయటికి వచ్చేసరికి మంజూరు కూడా అయింది: పాదాధారిత నిలుపుదల పరికరములు, ఒక జత. విప్పి చూస్తే లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు.

ఆ సాయంత్రం ఆ చెప్పులు ఆదిలక్ష్మి ముందు పెట్టాడు. ఆమె ఒక చెప్పు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో బండి ఆపమన్నారా?"

"ఆఁ."

"దీంతో మనుషులను గూడా ఆపొచ్చు" అంది, చెప్పు మడమ పట్టుకొని. "ఆ ప్రసాదు మనూరికి మళ్ళీ ఎప్పుడొస్తాడంట మావా?"

"వచ్చే వారం. సమాఖ్య అధ్యక్షులు గారే వస్తన్నారంట. పెద్ద సభ. అందరి ముందూ నేను తిప్ప దిగి, వేదిక కాడ బ్రేకు తొక్కాల. బర్రె చేపాల."

"బ్రేకు ఏమన్నా మిగిలుందా?"

మాలకొండయ్య బండిని రెండడుగులు తోసి వెనక బ్రేకు తొక్కి చూపించాడు. ఆ వేళకు కీచు కూడా లేదు. పుల్ల లోపల గిర్రున తిరిగింది, అంతే.

"ఉద్యోగం మానేసెయ్."

"మానేస్తే ఆస్తి పాడుచేసినట్టు కేసంట. సెక్రటరీ చదివి చెప్పాడు."

ఆదిలక్ష్మి వాకిట్లో ఉన్న వరిగడ్డి వామి వైపు చూస్తూ కూర్చుంది.

*

సభ రోజు పొద్దున్నే దిగుడు కింద వేదిక కట్టారు. పోలేరమ్మవ్వ బర్రెను ఎంపిక చేసి, కొమ్ములకు రంగు పూసి, మెడలో బంతిపూల దండ వేసి, వేదిక పక్కన కట్టేశారు. మైకు పెట్టెలు అటూ ఇటూ నిలబెట్టారు. ప్రసాదు గారు హడావిడిగా తిరుగుతుంటే, చప్టా మొదట్లో ఆదిలక్ష్మి కనపడింది. అప్పటికే బండెడు గడ్డి దించింది. రెండో బండి వస్తోంది.

"ఏమిటమ్మా ఈ గడ్డి?"

"బర్రెకు సార్."

"ఒక్క బర్రెకు ఇంత గడ్డా?"

"నా మొగుడు గూడా కాస్త తింటాడు సార్."

ప్రసాదు గారు ఆలోచించారు. చప్టా అంచున పిట్టగోడ లేకపోవడం ఫొటోల్లో బాగా కనపడదని ఆయనకు ముందు నుంచీ దిగులుగా ఉంది. "సరే, గ్రామీణ నేపథ్యంగా ఉంటుంది. ఎత్తుగా వేయండి" అన్నారు. ఆదిలక్ష్మి చాలా ఎత్తుగా వేసింది. తొక్కకుండా, వదులుగా వేసింది.

అధ్యక్షులు గారు వచ్చారు. భారీ మనిషి, తెల్లబట్టలు, ఎండకు నవ్వుతూ కూర్చున్నారు. ప్రసాదు గారు చేతి మైకు తీసుకున్నారు.

"నాదమే ప్రాణమని మన పెద్దలు అన్నారు. ఆ నాదమే పాలని నేడు మన సమాఖ్య నిరూపిస్తున్నది. ఇక మీరు వినబోయేది ప్రామాణిక కీచు. మాలకొండయ్యా, ప్రారంభించండి!"

తిప్ప మీద బండి కదిలింది. దిగుతుంటే నాకు ఆయన పెదవులు కదలడం కనిపించింది. కాళ్ళు రెండూ నేలకు ఈడ్చాడు. టైరు చెప్పుల నుంచి పొగ లేచింది గాని బండి వేగం తగ్గలేదు. వేదిక దగ్గర పడింది. బ్రేకు తొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ తొక్కాడు. చప్పుడు లేదు.

"కీచు!" అని అరిచారు ప్రసాదు గారు మైకులో. "మాలకొండయ్యా, కీచు!"

"తప్పుకోండి సారో!" అన్నాడు మాలకొండయ్య.

బండి వేదికకూ బర్రెకూ మధ్య సందులోంచి దూసుకుపోయింది. బంతిపూల దండ తెగి ఆయన మెడలో పడింది. దండతో సహా పోయి పోయి, ఆదిలక్ష్మి వామిలో దూరి, కనపడకుండా పోయాడు. గడ్డి ఒకసారి ఉబ్బి, మళ్ళీ సర్దుకుంది. వెనక చక్రం మాత్రం బయట తిరుగుతూ ఉంది.

ఆదిలక్ష్మి పరుగెత్తి గడ్డిలో చేతులు పెట్టి వెతికింది. "మావా! ఉన్నావా?"

"ఉన్నా" అంది గడ్డి. "చెప్పొకటి పోయింది."

ఈలోపు వేదిక మీద ఇంకొకటి జరిగింది. బండి మీదికి వస్తుందని దూకిన ప్రసాదు గారు చేతిలో మైకు వదలకుండానే పోయి మైకు పెట్టె కింద నక్కారు. పెట్టె నోటికి మైకు ఎదురుపడితే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు. సన్నగా మొదలై, గొంతు పెంచి, ఆకాశం చీలినట్టు ఒక కూత. ప్రసాదు గారు మైకును అటూ ఇటూ తిప్పేసరికి చివర్లో మెలిక కూడా తిరిగింది.

బర్రె తలెత్తింది. చేపింది. పోలేరమ్మవ్వ అలవాటు కొద్దీ చెంబు పట్టుకొని కింద కూర్చుంది.

అధ్యక్షులు గారు చెవుల మీది చేతులు తీశారు. "ప్రసాదూ, బండి అరవలేదు గదయ్యా. బర్రె ఎట్లా ఇచ్చింది?"

పెట్టె కింది నుంచి ప్రసాదు గారి గొంతు వినపడింది. "ఇది రెండో తరం సాంకేతికత సార్."

జనం చప్పట్లు కొట్టారు. గడ్డి దులుపుకుంటూ బయటికొచ్చిన మాలకొండయ్య కూడా, ఎందుకో తెలియక, కొట్టాడు.

*

ఇక బ్రేకులు పాతబడ్డాయి. ప్రతి కేంద్రానికీ ఒక మైకు, ఒక పెట్టె, ఎదురెదురుగా. బాగా పనిచేసే మైకులు కొనరాదని నిబంధన. ప్రసాదు గారికి పేరు ముందున్న 'డిప్యూటీ' తీసేశారు. మస్తాన్ బోర్డులో 'బ్రేకులు' కొట్టేసి 'మైకులు' అని రాయించాడు.

మాలకొండయ్యకు ఉత్తర్వు వచ్చింది. బ్రేకును సమాఖ్య తన ఆస్తుల నుంచి విడుదల చేస్తున్నది. అయితే అంతకు ముందు, దానిలోని ప్రామాణిక కీచును స్టోర్సులో అప్పగించి రసీదు పొందవలెను. రసీదు లేనిదే ముందు బ్రేకు సీలు తీయరు, వెనక బ్రేకు ముట్టుకోనివ్వరు.

మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. స్టోర్సు గుమాస్తా మంచివాడు, నిబంధనల మనిషి.

"తెచ్చావా?"

"ఏంది సార్?"

"కీచు."

"అది లేదు సార్. తొక్కి తొక్కి అరిగిపోయింది."

గుమాస్తా ముఖం దిగులుగా పెట్టాడు. "అయితే పోగొట్టినట్టు రాయాలయ్యా. పోగొడితే విచారణ వేస్తారు. విచారణ తేలేదాకా బండి ఇట్లాగే ఉంచాలి. తిప్ప దిగొద్దని మాత్రం మేం చెప్పలేం, అది డ్యూటీ."

మాలకొండయ్య గోడకు ఆనించిన బండిని కిటికీలోంచి చూశాడు. ఆయనకు అందులో వాగు కనపడినట్టుంది. ఒక్కసారి గొంతు సవరించుకొని, కళ్ళు మూసుకొని, మెడ నరాలు ఉబ్బేట్టు నోటితో కూశాడు.

నేను ఏడాదంతా విన్న కీచు అది. పళ్ళెం మీద మేకులా మొదలైంది. గొంతు పెరిగింది. చివర మెలిక తిరిగింది. ఆఫీసులో టైపు ఆగిపోయింది. గుమాస్తా రెండు దవడలూ పట్టుకున్నాడు.

"ఇదే! మెలికతో సహా ఉంది" అన్నాడు తేరుకొని. "కాని పనిచేసే స్థితిలో ఉన్నదీ లేనిదీ రాయాలి. ఎట్లా?"

అప్పుడే ఆఫీసు వెనకాల క్యాంటీను వాడి బర్రె పలుపు తెంపుకొని, మా కిటికీ ముందు నుంచి, గేటు దాటి, బజారు వైపు పోయింది. దాని వెనక క్యాంటీను వాడు పోయాడు.

"బయటూరి బర్రె గదా" అని గుమాస్తా సంతృప్తిగా తల ఊపి రాసుకున్నాడు: 'కీచు ఒకటి, పనిచేయు స్థితిలో అందినది.' ముద్ర కొట్టాడు.

మస్తాన్‌కు బాగుచేయడం అలవాటు తప్పింది. చక్రం రెండుసార్లు తిరగేసి బిగించి తిట్టుకున్నాడు గాని, చివరికి కొత్త డ్రమ్ము, కొత్త లైనర్లు వేశాడు. మర్నాడు తెల్లారి మాలకొండయ్య తిప్ప దిగి వచ్చాడు. కేంద్రం ముందు బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి పిల్లిలా ఆగింది. నమ్మకం చాలక కొంచెం ముందుకు పోనిచ్చి మళ్ళీ ఆపాడు. మళ్ళీ ఆగింది. ఆయన దిగలేదు. కాలు బ్రేకు మీదే ఉంచి, చప్టా వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ పూట కరెంటు లేదు. మైకు కూయలేదు. నేను లోపల తల పట్టుకొని ఉంటే, పోలేరమ్మవ్వ పక్క వాకిట్లో తన బర్రె ముందు తవుడు తొట్టి పెట్టి, అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. బర్రె తల తిప్పి తొట్టిని చూసింది. చేపింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తొట్లు కొట్టారు. క్యాన్లు నిండి వ్యానెక్కాయి.

"నే చెప్పలా?" అంది అవ్వ.

అప్పుడు ఫోను మోగింది. మేనేజరు ప్రసాదు గారు.

"సెక్రటరీ గారూ, మీ ప్రాంతంలో విద్యుత్ అంతరాయం ఉన్నట్టు సమాచారం. అయినా సేకరణ తగ్గలేదని వ్యాను డ్రైవరు చెప్తున్నాడు. ఇది చాలా ఆసక్తికరమైన పరిణామం. కారణం?"

కలం కాగితం మీద ఆనించిన చప్పుడు వినపడింది. మాలకొండయ్య బండి మీద నుంచే నావైపు చూశాడు. కాలు బ్రేకు మీద బిగిసింది. బయట పోలేరమ్మవ్వ చెంబు పట్టుకొని కదలకుండా నిలబడింది.

"కారణమేముందండీ," అన్నాను, "మైకు బ్రహ్మాండంగా కూసింది. బ్యాటరీ పెట్టాం."

నేను ఫోను పెట్టేసేలోపే అవ్వ కొంగు తీసి తవుడు తొట్టి మీద కప్పేసింది.